బెలూన్ ఊపిరి

సెప్టెంబర్ 2, సోమవారం

ఈరోజు క్లాసులో ఒక పిల్ల నా కళ్ల ముందే లేకుండా పోయింది. బెంచీ మీదే ఉంది. కానీ లేదు.

రెండో తరగతి, మొదటి పీరియడ్. రోజూలాగే బెలూన్ ఊపిరి చేయించాను. పిల్లలంతా లేచి నిలబడి, చేతుల్లో పెద్ద బెలూన్ ఉందనుకుని, గట్టిగా గాలి పీల్చి గబగబా ఊదాలి. బెలూన్ పగిలేదాకా. పగిలాక కూర్చోవాలి. ట్రైనింగ్‌లో నేర్పారు. మెదడుకి ఆక్సిజన్ బాగా అందుతుంది, బుర్రలు తేటపడతాయి అన్నారు. పిల్లలకి ఇదంటే ప్రాణం.

కూర్చున్నాక కొత్త పదాలు రాసుకోమన్నాను. కిటికీ పక్క పిల్ల రాస్తూ రాస్తూ ఆగింది. వాళ్లమ్మ గేటు దగ్గర ఆమెని పిట్టా అని పిలుస్తుంది, నాకూ అదే నోటికొచ్చేసింది. పిట్ట కళ్లు సగం వాలాయి. రెప్పలు సన్నగా కొట్టుకుంటున్నాయి. పిలిచాను. పలకలేదు. దగ్గరికి వెళ్లి మొహం ముందు చెయ్యి ఆడించాను. చూపు కదల్లేదు. నేను చెయ్యి దించేలోపే తిరిగి వచ్చేసింది. ఆగిన అక్షరం దగ్గర్నుంచే మళ్లీ రాయడం మొదలుపెట్టింది. నా చెయ్యి తన మొహం ముందు ఎందుకుందో తెలియక నవ్వింది.

నేనూ నవ్వాను.

సెప్టెంబర్ 3, మంగళవారం

పిట్ట పక్కన కూర్చునే రెండు జడల పిల్లని బయటికి పిలిచి అడిగాను. అది చాలా మామూలుగా చెప్పింది. దాన్ని మేం పాజ్ అంటాం టీచర్ అంది. వీడియో ఆగినట్టు ఆగిపోతుందట. అప్పుడు వీళ్లు నాలుక చాపి వెక్కిరించినా దానికి తెలియదట. ఒకసారి రబ్బరు తీసుకెళ్లి తల మీద పెట్టారట. తిరిగొచ్చి, నా రబ్బరేది అని వెతుక్కుందట.

ఎప్పట్నుంచి అన్నాను. ఒకటో తరగతి నుంచీ అంది. నా క్లాసులో మొదలైంది కాదులే అని నాకు కాస్త ఊపిరి ఆడింది. అంతలోనే, అప్పుడు కొంచెం కొంచెం ఆగేది టీచర్, మీరు బెలూన్ నేర్పాక బాగా ఆగుతోంది అని చెప్పి ఆడుకోవడానికి పరిగెత్తింది.

నేను వరండాలో అలాగే నిలబడిపోయాను.

సెప్టెంబర్ 4, బుధవారం

బెలూన్ మానేశాను. గొంతు బాగాలేదని అబద్ధం చెప్పాను. ఊదేది మేము కదా, మీ గొంతుకేమైంది అని వెనక బెంచీ వాడు అడిగాడు. పుస్తకాలు తీయమన్నాను.

పిట్ట ఒక్కసారే ఆగింది. నేను చూసినంతలో. బోర్డు వైపు తిరిగితే భయం. తిరక్కుండా రాయడం ఎలాగో నాకింకా చేతకాలేదు.

సాయంత్రం 6

మా ఆయనకి చెప్పాను. ఆయన డ్రైవింగ్ స్కూల్లో కార్లు నేర్పుతాడు. నీ బ్రెయిన్ చదువుతో పిల్లల్ని ఆన్ ఆఫ్ చేసేస్తున్నావన్నమాట అని నవ్వబోయాడు. నా మొహం చూసి నోరు మూసుకున్నాడు. నా కార్లో నా వైపు కూడా ఒక బ్రేక్ ఉంటుంది తెలుసుగా, అనుమానం వస్తే ముందు నొక్కేస్తా, ఎందుకు నొక్కానో తర్వాత ఆలోచిస్తా అన్నాడు. నీ వైపు బ్రేక్ ఏదో చూసుకో అన్నాడు.

ఫోన్‌లో వెతికాను. వెతక్కుండా ఉండాల్సింది. మూర్ఛ అంటే కింద పడి గిలగిలా కొట్టుకోవడమే అనుకున్నాను ఇన్నాళ్లూ. పడకుండా, కదలకుండా వచ్చేది కూడా ఉందట. మెదడు ఉన్నట్టుండి కాసేపు ఆగి మళ్లీ అందుకుంటుందట. పిల్లలకే ఎక్కువగా వస్తుందట. చాలామందిని పరధ్యానం అని తిట్టి వదిలేస్తారట. కింద ఒక వాక్యం ఉంది. వేగంగా, లోతుగా ఊపిరి తీయిస్తే ఇది బయటపడుతుంది.

బయటపడుతుంది అంటే? లోపలున్నది కనిపిస్తుందనా? లేనిదాన్ని నేను తెచ్చిపెట్టాననా? ఆ ఒక్క మాటనే మళ్లీ మళ్లీ చదివాను. ఫోన్ బోర్లా పెట్టేశాను.

సెప్టెంబర్ 6, శుక్రవారం

పెద్ద మేడమ్‌కి చెప్పాను.

మెదడు ఎలా నేర్చుకుంటుందో టీచర్లకి సెలవుల్లో ట్రైనింగ్ ఉంది, ఎవరు వెళ్తారు అని అడిగినప్పుడు స్కూలు మొత్తంలో నేనొక్కదాన్నే చెయ్యి ఎత్తాను. ఆ రోజు నుంచి స్టాఫ్ రూమ్‌లో నా పేరు బ్రెయిన్ మేడమ్. వెక్కిరింతే అయినా నాకు లోలోపల బాగానే ఉండేది. పద్దెనిమిదో తారీఖున నా క్లాసు చూడ్డానికి వేరే స్కూళ్ల నుంచి టీచర్లు వస్తున్నారు. డెమో. అందులో మొదటి అంశమే బెలూన్ ఊపిరి.

పెద్ద మేడమ్ అంతా విన్నారు. వింటున్నంతసేపూ టేబుల్ మీది పేపర్ వెయిట్ తిప్పుతూనే ఉన్నారు. చూడమ్మా, నువ్వు టీచర్‌వి, డాక్టర్‌వి కాదు అన్నారు. పరధ్యానం లేని పిల్లలెక్కడుంటారు, నా మనవరాలు అన్నం ముందు కూర్చుంటే గంట గోడ చూస్తుంది అన్నారు. తల్లిదండ్రుల దగ్గర ఈ మాట ఎత్తొద్దు అన్నారు. నేను లేస్తుంటే గొంతు తగ్గించి, రేపు ఆ ఊదుడు వల్లే వచ్చిందని తేలితే మొదటి వేలు నీ వైపే చూపిస్తారు, తర్వాత నా వైపు, అది గుర్తుపెట్టుకో అన్నారు.

బెదిరించలేదు. ఆవిడా భయపడుతున్నారు. అందుకే నాకు ఇంకా భయమేసింది.

సెప్టెంబర్ 9, సోమవారం

ఇవాళ కూడా పిట్ట వాళ్లమ్మకి చెప్పలేదు.

సెప్టెంబర్ 10, మంగళవారం

మెట్ల మీద పడింది.

లంచ్ బెల్ కొట్టాక పిల్లలు వరసగా దిగుతున్నారు. నేను కింద నిలబడి ఉన్నాను కాబట్టి చూశాను. సగం మెట్ల దగ్గర పిట్ట ఒక కాలు గాల్లో పెట్టి ఆగిపోయింది. వెనకవాళ్లు ఆగలేదు. ఎలా ఆగుతారు? వెనకున్న బొద్దు పిల్లాడు తగిలాడు. ఆమె చేతులు ముందుకు రాలేదు. పడేవాళ్లు ఎవరైనా చేతులు చాపుతారు. ఈ పిల్ల చాపలేదు. గడ్డం మెట్టుకి కొట్టుకుంది. రక్తం.

ఆ పిల్లాడు తోసేశాడని ఆటల సారు వాడి చెవి పట్టుకున్నాడు. వాడు తొయ్యలేదు, నేను చూశాను అన్నాను. మరి ఎలా పడింది మేడమ్ అన్నాడు. పెద్ద మేడమ్ నా మొహమే చూస్తున్నారు. కాలు జారింది అన్నాను.

గడ్డానికి కుట్లు పడ్డాయి. వాళ్లమ్మ కళ్లజోళ్ల షాపులో పనిచేస్తుంది. పని మధ్యలోంచి పరిగెత్తుకొచ్చింది. ఊపిరి అందక రొప్పుతూనే, ఇంట్లోనూ ఇంతే టీచర్, ధ్యాస ఉండదు, వందసార్లు చెప్పాలి అంటూ పిట్ట భుజం మీద ఒక్కటి వేసింది. పెద్ద దెబ్బేం కాదు. కానీ ఆ పిల్ల అలవాటైనట్టు భుజం ముందే దించుకుంది.

మాట నాలుక చివరి దాకా వచ్చింది. పిట్ట సంచీ ఆమె చేతికిచ్చి పంపించేశాను.

సెప్టెంబర్ 11, బుధవారం

రేపు ఈత మొదలు. మొదటి తరగతీ రెండో తరగతీ ప్రతి గురువారం కొలనుకి వెళ్తారు. నాకు ఇది నిన్న మెట్ల దగ్గర కూడా తట్టలేదు. పొద్దున్న పిల్లలు ఈత టోపీలు పెట్టుకుని చూపిస్తుంటే తట్టింది. పిట్ట టోపీ పసుపుది.

స్కూలు వదిలాక కళ్లజోళ్ల షాపుకి వెళ్లాను.

చుట్టూ అద్దాలు. ఎటు చూసినా నా మొహమే, పాలిపోయి. కస్టమర్ వెళ్లేదాకా ఆగి చెప్పాను. చూసింది చూసినట్టు చెప్పాను. బెలూన్ సంగతి కూడా దాచలేదు. మా పిల్ల కళ్లు బాగున్నాయి, నేనే ఇక్కడ కూర్చోబెట్టి చూశాను, చెవులూ చూపించాం, బాగున్నాయి అంది. కళ్లూ చెవులూ కాదమ్మా అన్నాను. మూర్ఛ అన్న మాట వాడాను. ఆమె మొదట నన్ను చూడలేదు, షాపంతా చూసింది, ఎవరైనా విన్నారేమోనని.

మీరు ఇంకెవరికైనా చెప్పారా అని అడిగింది. గొంతు పూర్తిగా మారిపోయింది. వాళ్ల ఆడబిడ్డకి ఫిట్స్ ఉండేవట. ఆ మాట వాళ్లింట్లో ఎత్తకూడదట. ఆ అమ్మాయి ఐదో తరగతిలోనే బడి మానేసిందట. మా దానికి ఆ పేరు పెట్టకండి, ఒకసారి అంటుకుంటే పోదు అంది. మరుక్షణం కళ్లు ఎర్రబడ్డాయి. ఆ ఊదుడు ఆట ఇంట్లో కూడా ఆడుతోంది, మీరు నేర్పిందేగా అంది.

నేను నేర్పిందే అన్నాను.

కుట్లు తడవకుండా ప్లాస్టర్ వేసి రేపు ఈతకి పంపుతాను, సంతకం పెట్టేశాను, ఆపడానికి మీరెవరు అంది. నిజమే. నేనెవర్ని?

సెప్టెంబర్ 12, గురువారం

ఆపాను.

కొలను గట్టు మీద పిట్ట చెయ్యి పట్టుకున్నాను. వదల్లేదు. అందరూ దిగారు. అరుపులు, నీళ్లు చిమ్మడం. పిట్టకి నీళ్లంటే పిచ్చి అని నాకు తెలియదు. మొదట బతిమాలింది. తర్వాత ఏడ్చింది. తర్వాత నా చెయ్యి కొరికింది. గట్టిగానే. పళ్ల గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి.

ఈత కోచ్ వచ్చి ఇంట్లోవాళ్లు ఒప్పుకున్నారుగా, మీ సమస్యేంటి మేడమ్ అన్నాడు. ఈ పిల్లని దింపాలంటే నన్ను కూడా దింపాలి, నాకు ఈత రాదు, ఇద్దర్నీ తీయాల్సొస్తుంది అన్నాను. నేను జోక్ చేస్తున్నానో లేదో అతనికి అర్థం కాలేదు. నాకూ కాలేదు.

పిట్ట బెంచీ మీద నాకు వీపు పెట్టి కూర్చుంది. వెక్కిళ్లు. ఏడ్చి ఏడ్చి గబగబా ఊపిరి తీస్తోంది. ఆ వెక్కిళ్లు ఉన్నట్టుండి తెగిపోయాయి. తొంగి చూశాను. కళ్లు సగం వాలి ఉన్నాయి. టోపీ చేతిలోంచి జారి పడింది. కోచ్ అప్పుడే మా వైపు చూశాడు. పాపా అని పిలిచాడు, రెండుసార్లు. ఆమె తిరిగి వచ్చి, ఆపిన చోటు నుంచి ఏడుపు అందుకుంది.

ఇదే నీళ్లలో అయ్యుంటే అన్నాడు. పొడి తువ్వాలు తెచ్చి పిట్ట భుజాల మీద కప్పి వెళ్లిపోయాడు.

సాయంత్రం

పిట్ట నాన్న ఫోన్ చేశాడు. లారీ నడుపుతాడు, రోడ్డు మీదే ఉన్నట్టున్నాడు, హారన్లు వినపడుతున్నాయి. మా పిల్ల మీద ప్రయోగాలు చేయడానికి మీకెవరు అధికారం ఇచ్చారు అన్నాడు. దాని తలకి ఏమైనా అయితే మిమ్మల్ని వదలను అన్నాడు. అతను అడిగినదే నేను నన్ను పది రోజులుగా అడుగుతున్నాను.

ఫోన్ పెట్టేశాక మా ఆయన మంచినీళ్లు ఇచ్చాడు.

సెప్టెంబర్ 13, శుక్రవారం

సోమవారం నుంచి నేను లైబ్రరీలో కూర్చోవాలట. రెండో తరగతి ఈమధ్యే చేరిన కొత్త టీచరమ్మాయికి ఇచ్చారు. డెమో కూడా ఆమే. నీకు విశ్రాంతి కావాలమ్మా అన్నారు పెద్ద మేడమ్.

బెలూన్ తీసేయండి, అదొక్కటి తీసేయండి, కావాలంటే నన్ను ఇంటికి పంపండి అన్నాను. చూద్దాం అన్నారు.

సెప్టెంబర్ 16, సోమవారం

లైబ్రరీ రెండో తరగతి పక్క గదే. పుస్తకాలు సర్దుతున్నాను. గోడ అవతల్నుంచి వినిపించింది. ఫూ. ఫూ. ఫూ. పిల్లలంతా ఒకే తాళంలో.

చేతిలో పుస్తకాలు ఎక్కడ పడేశానో తెలియదు. తలుపు తోసుకుని వెళ్లి ఆపండి అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. కొత్తమ్మాయి బిత్తరపోయింది. పిల్లలందరూ నోళ్లు గుండ్రంగా పెట్టి నా వైపు తిరిగారు. అందరూ, ఒక్కరు తప్ప. పిట్ట కిటికీ పక్కన నిలబడి ఎక్కడా లేని దాన్ని చూస్తోంది. వెళ్లి ఆమె వెనక మోకాళ్ల మీద కూర్చుని, పడితే పట్టుకోవడానికి చేతులు చాపాను. పడలేదు. తిరిగొచ్చి, టీచర్ మీరు కింద కూర్చున్నారేంటి అంది.

ఒక పిల్ల నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు. కొత్తమ్మాయి నవ్వలేదు. ఈసారి ఆమె కూడా చూసింది.

సాయంత్రం 4

గేటు దగ్గర పిట్ట అమ్మ నా కోసం నిలబడి ఉంది. కొడుతుందనుకున్నాను.

మీరు వచ్చి వెళ్లిన రోజు నుంచి దాన్ని తిట్టడం మానేసి చూస్తున్నాను అంది. ఊరికే చూస్తూ కూర్చున్నాను అంది. నిన్న నీళ్లు తాగుతూ గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని ఆగిపోయిందట. నీళ్లు గడ్డం మీంచి, కుట్ల మీంచి, గౌను మీదికి కారిపోతున్నాయట. దానికి తెలియలేదట. తర్వాత తడి చూసుకుని, నేనెక్కడ తిడతానో అని నా మొహం చూసింది టీచర్ అంది.

బుధవారం పిల్లల మెదడు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తోంది. భర్త రోడ్డు మీదున్నాడు. ఒక్కదాన్నే వినలేను, రాగలరా అంది.

బుధవారం డెమో. వస్తానన్నాను.

సెప్టెంబర్ 18, బుధవారం

డాక్టర్ నా వయసు ఆవిడే. అన్నీ నిదానంగా అడిగారు. నేను చూసినవి నేను చెప్పాను, వాళ్లమ్మ చూసినవి వాళ్లమ్మ చెప్పింది. అప్పుడు సొరుగులోంచి రంగు కాగితపు గాలిపంకా ఒకటి తీసి పిట్ట చేతికిచ్చారు. ఇది ఆగకూడదు, నువ్వు ఊదుతూనే ఉండాలి, సరేనా బంగారం అన్నారు.

వద్దు అనబోయాను. ఇక్కడ నేనున్నానుగా, కూర్చోండి అన్నారు డాక్టర్.

పిట్ట ఊదింది. పంకా గిర్రున తిరిగింది. బుగ్గలు ఎర్రబడ్డాయి. ఊదుతోంది, ఊదుతోంది. ఆగిపోయింది. రెప్పలు కొట్టుకుంటున్నాయి. పంకా ఇంకా తిరుగుతూనే ఉంది. మెల్లగా, ఇంకా మెల్లగా. ఆ గదిలో అదొక్కటే కదులుతోంది.

డాక్టర్ మెల్లగా, ఏనుగు అన్నారు. కాసేపటికి పిట్ట వచ్చేసింది. నేనిప్పుడు ఏ జంతువు పేరు చెప్పాను అని అడిగారు. మీరేం చెప్పలేదుగా అంది పిట్ట. ఆగిపోయిన పంకా చూసుకుని, సారీ, మళ్లీ ఊదనా అంది.

వాళ్లమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది. దీనికా, దీనికా నేను దాన్ని కొట్టింది అంది. అదే మాట ఎన్నిసార్లు అందో. డాక్టర్ ఆమెని ఆపలేదు. కాసేపయ్యాక, తెలియక కొట్టారమ్మా, ఇక తెలిసింది అన్నారు.

నేను అడగాల్సింది అడిగాను. ఇది నా వల్లా?

ఊదడం దీన్ని రప్పించగలదు, పుట్టించలేదు అన్నారు. ఇది లోపల ఎప్పట్నుంచో ఉంది. రోజుకి ఎన్నోసార్లు వస్తూనే ఉండి ఉంటుంది, మీకు కనిపించేలా చేసింది ఆ ఆట, అంతే. కానీ మీకు ఆ ఆట నేర్పినవాళ్లకి ఒక మాట చెప్పండి అన్నారు. గబగబా ఊదితే మెదడుకి ఆక్సిజన్ ఎక్కువ అందదట. రక్తనాళాలు ముడుచుకుని ఇంకా తగ్గుతుందట. అందుకే కళ్లు తిరిగినట్టు ఉంటుందట. పిల్లలు దాన్నే హుషారు అనుకుంటారట.

ట్రైనింగ్‌లో దీనికి ఒక రంగుల స్లైడ్ వేశారు. నేను దాన్ని ఫోటో తీసుకుని మా క్లాసు గోడకి అంటించాను.

సెప్టెంబర్ 20, శుక్రవారం

తలంతా వైర్లు పెట్టి పరీక్ష చేశారు. జుట్టుకి జిగురు అంటిందని పిట్ట గోల. స్క్రీన్ మీద చిందరవందరగా పాకే గీతలు ఉన్నట్టుండి వరసలో నిలబడి, అన్నీ ఒకే తీరుగా ఎగిసి పడ్డాయి. చూడ్డానికి అందంగా ఉన్నాయి. అందుకే నాకు చూడబుద్ధి కాలేదు.

డాక్టర్ అనుకున్నదే. మందు మొదలుపెట్టారు. చాలామంది పిల్లలకి తగ్గిపోతుందట. అందరికీ అనలేదు. ఆ చిన్న మాట పట్టుకుని ఇంటికొచ్చాను.

సెప్టెంబర్ 23, సోమవారం

క్లాసు తిరిగి ఇచ్చారు. పెద్ద మేడమ్ టేబుల్ మీద డాక్టర్ రాసిన కాగితం ఉంది. డెమో బాగా జరిగిందట, ఊపిరి ఆట లేకుండానే. కొత్తమ్మాయి చేయించనని మొండికేసిందట. అన్ని తరగతుల్లోనూ ఆపేయమని చెప్పేశాను అన్నారు. నేను వచ్చేస్తుంటే వెనక్కి పిలిచి, మన స్కూల్లో ఇలాంటివాళ్లు ఇంకెంతమంది ఉంటారమ్మా అన్నారు.

నాకు తెలియదు. ఇన్నేళ్లలో నేను పరధ్యానం అని కూర్చోబెట్టిన మొహాలన్నీ ఒక్కసారిగా కళ్ల ముందుకొచ్చాయి. క్లాసులోకి వెళ్లి అందరి కళ్లలోకీ చూశాను. టీచర్ భయపెడుతున్నారు అన్నాడు వెనక బెంచీ వాడు.

ట్రైనర్‌కి ఫోన్ చేశాను. డాక్టర్ చెప్పింది చెప్పాను. ఆ స్లైడ్ నాకూ ఎవరో ఇచ్చిందే మేడమ్ అన్నాడు.

సెప్టెంబర్ 26, గురువారం

పిట్ట బెంచీ మీద తల పెట్టి నిద్రపోతోంది. లేపితే ఏడుస్తోంది. నిన్న రెండు జడల పిల్ల చేతిలోంచి రంగు పెన్సిల్ లాక్కుని విరిచేసింది. ఇది మందు వల్లేనా? ఆ పిల్లని ఒక చోటు నుంచి లాగి ఇంకో చోట పడేశామా? డాక్టర్ కొన్నాళ్లు ఓపిక పట్టమన్నారు. ఓపిక ఉంది. ధైర్యమే లేదు.

పొద్దున వాళ్ల నాన్న దింపడానికి వచ్చాడు. నన్ను చూసి తల దించుకున్నాడు. మా చెల్లెల్ని ఎవరూ ఏ డాక్టర్‌కీ చూపించలేదండి, గదిలో కూర్చోబెట్టాం అన్నాడు. అంతే. లారీ ఎక్కడో ఆపి వచ్చాడట, వెళ్లిపోయాడు.

అక్టోబర్ 1, మంగళవారం

తాబేలు కథ పోయిన నెల చెప్పాను. ఎవరికి ఎంత గుర్తుందో చూద్దామని వెనక్కి చెప్పమన్నాను. ట్రైనింగ్‌లో నేర్పినవాటిలో ఇది నిజమైనదే. విన్నది తిరిగి గుర్తుచేసుకుంటేనే బుర్రలో నిలబడుతుంది. డాక్టర్‌ని అడిగి మరీ తెలుసుకున్నాను. ఇప్పుడు అన్నీ ఎవరో ఒకర్ని అడుగుతున్నాను.

పిట్ట చెప్పింది. తాబేలు నది దగ్గరికి వచ్చిందట. తర్వాత దానికి రెక్కలొచ్చాయట. అందుకే కొంగల ఇంట్లో ఉంటోందట. పిల్లలు విరగబడి నవ్వారు. కొంగలు కర్ర పట్టుకుని తాబేలుని మోసుకెళ్లిన ముక్క మొత్తం ఆమెకి వినపడలేదు. నది ఉంది, కొంగల ఇల్లు ఉంది. మధ్యలో ఖాళీ. ఆ ఖాళీ దాటడానికి తాబేలుకి తనే రెక్కలు కుట్టింది.

లెక్కలోనూ ఇంతే, పాటలోనూ ఇంతే, అమ్మ చెప్పిన పనిలోనూ ఇంతే. ఏడేళ్ల పిల్ల రోజంతా చిరుగులు కుట్టుకుంటూ కూర్చుంది. దాన్ని మేం పరధ్యానం అన్నాం.

రెక్కలు బాగున్నాయి అన్నాను. బోర్డు మీద కథని బొమ్మలుగా వరసలో వేసి, ఇప్పుడు ఎక్కడున్నామో అక్కడ ఒక అయస్కాంతం పెట్టాను. ముక్క ముక్కకీ ఆగి, పక్కవాళ్లకి చెప్పమన్నాను. ఎవరైనా జారిపోతే అయస్కాంతం చూసి ఎక్కొచ్చు. పిట్ట కోసం చేశాను. ఇన్నాళ్లూ నోరు విప్పని బొద్దు పిల్లాడు ఇవాళ కథ మొత్తం చెప్పాడు.

అక్టోబర్ 8, మంగళవారం

పిట్ట కిటికీలోంచి చూస్తూ కదలకుండా ఉండిపోయింది. సుద్ద పారేసి పరిగెత్తాను. బెంచీ తగిలి మోకాలు కొట్టుకుపోయింది. భుజం పట్టుకున్నాను. ఆలోచిస్తున్నా టీచర్ అంది విసుగ్గా. ఏం ఆలోచిస్తున్నావు అన్నాను. చెప్పను అంది.

ఉత్త పరధ్యానం. ఇంత ఆనందంగా ఎవర్నీ ఎప్పుడూ తిట్టలేదు.

అక్టోబర్ 14, సోమవారం

వారం రోజులుగా పిట్ట ఆగిపోవడం నేను చూడలేదు. వాళ్లమ్మ చూడలేదు. రెండు జడల పిల్ల కూడా చూడలేదు. దాని మీదే నాకు ఎక్కువ నమ్మకం. పాజ్ అనే పేరు మారిపోయింది, ఇప్పుడు పిట్టని రెక్కల తాబేలు అంటున్నారు. ఆమెకి నచ్చినట్టే ఉంది.

రాత్రి పడుకునే ముందు మందు మరిచిపోలేదుగా అని వాళ్లమ్మకి మెసేజ్ పెట్టాను. రోజూ పెడుతున్నాను. ఆవిడ రోజూ లేదు అని పెడుతుంది. ఇద్దరికీ ఇది రోగంలా పట్టుకుంది.

అక్టోబర్ 24, గురువారం

ఈతకి డాక్టర్ సరేనన్నారు, చెయ్యి అందేంత దూరంలో పెద్దవాళ్లు ఉండాలన్నారు. కోచ్ ఉన్నాడు. అయినా నేనూ లోతులేని వైపు నీళ్లలో దిగాను. నడుము దాకా. నాకు తోడొచ్చిన మా ఆయన గట్టు మీది నుంచి ఫోటో తీశాడు. నీ వైపు బ్రేక్ చాలా తడిసిందే అన్నాడు.

పిట్ట మునిగింది. నేను ఊపిరి బిగబట్టాను. తేలింది. నా మొహం మీద నీళ్లు చిమ్మింది.

అక్టోబర్ 29, మంగళవారం

లెక్కల పీరియడ్ సగంలో పిట్ట చెయ్యి ఎత్తి, ఈ మధ్య పీరియడ్లు ఎందుకు ఇంత పెద్దవి చేసేశారు టీచర్ అని అడిగింది. ముందు చిన్నవిగా ఉండేవట.